పెద్దలకు నేర్పడం ఎలా?
(ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేవారి కోసం ఒక పాఠం)

ధ్యాన భాగములు: మార్కు 6:7, 30–31, అపొస్తలుల కార్యములు 18:24–28

మన పత్రికలో సాధారణంగా జబ్బుల గురించి, వాటి నివారణ గురించి పాఠాలు వస్తుంటాయి. ఈసారి పాఠం నేర్పడం గురించి. వార్డులో కొత్తగా చేరిన నర్సుకు పని చూపించే సీనియర్ సిస్టర్లు, ఆశా కార్యకర్తలకు తరగతులు తీసుకునే ఏఎన్ఎంలు, స్త్రీల సమాజంలో ఆరోగ్య పాఠం చెప్పే పాస్టరమ్మ గార్లు... వీరంతా పెద్దవాళ్ల ముందు నిలబడి నేర్పుతున్నవారే. అయితే మనలో చాలామందికి తెలిసిన బోధనా పద్ధతి ఒక్కటే: మనకు బడిలో చెప్పినట్టు చెప్పడం. పెద్దల దగ్గర అది ఎందుకు సరిపోదో, దానికి బదులు ఏం చేయాలో ఇక్కడ చూద్దాం.

ఈ పాఠం చదివాక మీరు:
1. పెద్దలు నేర్చుకునే తీరులోని ముఖ్య లక్షణాలు చెప్పగలగాలి.
2. ఒక నైపుణ్యాన్ని నాలుగు మెట్లలో నేర్పగలగాలి.
3. పెద్దవారి తప్పును వారి గౌరవం తగ్గకుండా సరిదిద్దగలగాలి.
4. శిక్షణ ఫలించిందో లేదో సరైన చోట వెతకగలగాలి.

ఎందుకీ పాఠం?

ఐనవిల్లి మండలంలో గోదావరి ఒడ్డున ఒక లంక గ్రామం అనుకుందాం. ఇరవై రోజుల పసికందు. సాయంత్రం నుంచి పాలు సరిగా తాగడం లేదు, ఎగశ్వాస తీస్తున్నట్టుంది. ఆశా కార్యకర్తను పిలిచారు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు గాని, అంతకు మించి గాని ఊపిరి తీస్తే ప్రమాదమని ఆమెకు తెలుసు. శిక్షణలో రాసుకుంది, చివరి రోజు పరీక్షలో సరిగా రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కాని కదులుతూ ఏడుస్తున్న నిజమైన బిడ్డ దగ్గర కూర్చుని ఆమె ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. ఏడుపు ఆగేదాకా ఆగాలా, పొట్ట చూడాలా, గుండె చూడాలా, లెక్క తప్పితే మళ్లీ మొదలుపెట్టాలా? ఇవేవీ పుస్తకంలో ఉన్నా చేతికి రాలేదు. "పొద్దున్న చూద్దాంలెండి" అనేస్తుంది. పసికందుకు న్యుమోనియా అయితే తెల్లవారేదాకా ఆగే వ్యవధి ఉండకపోవచ్చు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకలు నీట మునిగాయి. అటువంటి రోజుల్లో డాక్టరు ఊళ్లోకి రాలేడు, రోగి పడవ ఎక్కితే తప్ప ఊరు దాటలేడు. అప్పుడు ఆ ఊరికి ఉన్న వైద్యమంతా అక్కడి కార్యకర్త చేతుల్లో ఉన్నదే. ఆమె చేతికి పని వచ్చా, రాలేదా అన్నది మనం ఎలా నేర్పామన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

పిల్లలకూ పెద్దలకూ తేడా

పెద్దలకు నేర్పే విద్యకు ప్రత్యేకమైన పేరు 1833లోనే జర్మనీలో పుట్టింది. దాన్ని లోకమంతా వ్యాపింపజేసినవాడు అమెరికాకు చెందిన మాల్కం నోల్స్. 1968 నుంచి ఆయన ఈ విషయంపై విస్తారంగా రాశాడు. ఆయన చెప్పిన ముఖ్యాంశాలను మన మాటల్లో చెప్పుకుంటే ఇవి:

ఒకటి: పెద్దవారికి "ఇది నాకెందుకు?" అన్న ప్రశ్నకు ముందుగా జవాబు కావాలి. పిల్లవాడు పరీక్ష కోసం చదువుతాడు. నలభై ఏళ్ల మనిషి చదవాలంటే రేపటి పనిలో దాని అవసరం కనబడాలి.

రెండు: పెద్దవారు తమ సంసారాన్ని తామే నడుపుకుంటున్నవారు. వారిని బెంచీ మీద కూర్చోబెట్టి చిన్నపిల్లల్లా మందలిస్తే మనసు మూసుకుంటారు. పైకి తల ఊపుతారు, లోపల వినరు.

మూడు: వారు ఖాళీ కుండలు కారు. ముగ్గురు బిడ్డల్ని కని పెంచిన తల్లికి పసివాళ్ల గురించి తెలిసినది చాలా ఉంటుంది. అందులో మంచీ ఉంటుంది, మార్చుకోవలసినదీ ఉంటుంది. రెండింటినీ బయటికి తీయకుండా కొత్తది పైన పోస్తే అది నిలవదు.

నాలుగు: వారికి అధ్యాయాల వరస కన్నా సమస్యల వరస ముఖ్యం. "శ్వాసకోశ వ్యవస్థ" అని మొదలుపెడితే ఆవులింతలు వస్తాయి. "బిడ్డ ఎగశ్వాస తీస్తుంటే ఏం చేస్తారమ్మా?" అని అడిగితే ముందుకు జరిగి కూర్చుంటారు.

ఐదు: భత్యం, సర్టిఫికెట్టు అవసరమే. కాని లోపలి ప్రేరణ దానికన్నా బలమైనది. తన ఊళ్లో బిడ్డ బతకాలన్న కోరిక, నలుగురిలో "ఆవిడకు బాగా తెలుసు" అనిపించుకోవాలన్న ఆశ మనిషిని చాలా దూరం నడిపిస్తాయి.

మన కొబ్బరి తోటల్లోనే దీనికి సాక్ష్యం ఉంది. కొబ్బరికాయ వలుపు ఏ తరగతి గదిలోనూ నేర్పరు. కొత్తవాడు అనుభవజ్ఞుడి పక్కన నిలబడి చూస్తాడు, నాలుగు కాయలు వలుస్తాడు, చెయ్యి ఎక్కడ పెట్టకూడదో పెద్దాయన చెబుతాడు, మళ్లీ వలుస్తాడు. కూలి ముడిపడి ఉంది గనుక శ్రద్ధ దానంతటదే వస్తుంది. పెద్దలు నేర్చుకునే సహజమైన దారి ఇది.

నెల్లూరు స్త్రీలు నేర్పిన పాఠం

పెద్దల చదువు తమ బతుకును తాకితే ఏం జరుగుతుందో మన తెలుగు నేల మీదే చూశాం. 1990 తరువాతి తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన స్త్రీలు రాత్రిపూట పలక పట్టారు. వారి వాచకాల్లో వారి ఇంటి సంగతులే పాఠాలయ్యాయి. సారా వల్ల ఒక సంసారం ఎలా చితికిపోయిందో చెప్పే సీతమ్మ కథ అందులో ఒకటి. దూబగుంట గ్రామంలో స్త్రీలు కలిసి సారా దుకాణం మూయించిన సంగతి "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమైంది. అది చదివిన ఊళ్లలో స్త్రీలు "మన ఊళ్లో ఎందుకు కాకూడదు?" అని అడిగారు. 1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారన్నది వేరే సంగతి. మన పాఠానికి కావలసినది ఇది: ఆ స్త్రీలకు అక్షరాలు నేర్చుకోవడమూ, తమ కష్టాన్ని గురించి ఆలోచించడమూ ఒకే సమయంలో జరిగాయి. కష్టం వారిది, మాట వారిది, తీర్మానం కూడా వారిదే.

జామ్‌ఖేడ్, గడ్చిరోలి

ఆరోగ్య శిక్షణలో కూడా ఇటువంటి ఉదాహరణలు పొరుగున మహారాష్ట్రలో ఉన్నాయి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ రజనీకాంత్ అరోలె, డాక్టర్ మేబెల్ అరోలె దంపతులు 1970లో జామ్‌ఖేడ్ అనే కరువు ప్రాంతంలో గ్రామీణ ఆరోగ్య పరిచర్య మొదలుపెట్టారు. ఊళ్లలోని సామాన్య స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా ఎంచుకున్నారు. వారిలో అనేకులకు చదువు రాదు, సమాజంలో అట్టడుగువారు. ఆ స్త్రీలు కేంద్రానికి వచ్చి ఊళ్లో తాము చూసిన సంగతులు చెప్పేవారు, వాటి మీదే చర్చ జరిగేది, కొంత నేర్చుకుని ఊరికి వెళ్లేవారు, మళ్లీ వచ్చేవారు. ఒకేసారి అంతా నూరిపోసి పంపడం కాకుండా, పని–చర్చ–పని అన్న వరసలో నేర్పు పెరిగింది. ఆ దంపతులకు 1979లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామీణ స్త్రీలకు ఇంటి దగ్గరే నవజాత శిశువులను చూసుకోవడం నేర్పారు. ఊపిరి లెక్క పెట్టడానికి అంకెలు రానివారు ఏం చేస్తారు? ఒక్క నిమిషం ఇసుక గడియారం, పూసలు గల చిన్న పరికరం తయారు చేసి ఇచ్చారు. అంకెలు రావు కాబట్టి పనికిరారు అని ఎవరినీ పక్కన పెట్టలేదు; నేర్చుకునేవారికి తగ్గట్టు పనిముట్టునే మార్చారు. వారు ఈ సేవ అందించిన 39 గ్రామాల్లో, మూడో సంవత్సరానికి, పోల్చి చూసిన ఇతర గ్రామాలతో లెక్క వేస్తే నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురితమైంది. నేడు మన ఆశా కార్యకర్తలు ప్రసవమైన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లి చూసే పద్ధతికి ఈ అనుభవమే పునాది.

ఆశా శిక్షణలో ఆరు, ఏడు మాడ్యూళ్లను ఐదేసి రోజుల చొప్పున నాలుగు విడతలుగా పెట్టడంలోనూ ఇదే జ్ఞానం ఉంది. విడతకూ విడతకూ మధ్య ఊళ్లో పని చేసి, అనుమానాలతో తిరిగి రావాలి. మన ప్రభువు కూడా శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. వారు తిరిగి వచ్చి, తాము చేసినవీ బోధించినవీ ఆయనకు తెలియజేశారు. అప్పుడాయన వారిని ఏకాంతంగా కొంచెం అలసట తీర్చుకోమన్నాడు. పంపడం, తిరిగి వచ్చి చెప్పుకోవడం, విశ్రాంతి. ఈ మూడూ లేని శిక్షణ ఉపన్యాసంగానే మిగిలిపోతుంది.

ఒక మాదిరి పాఠం: బిడ్డ ఊపిరి లెక్కించడం (గంటన్నర)

ముందుగా ప్రశ్న (15 నిమిషాలు). "మీ ఊళ్లో బిడ్డకు ఆయాసం వచ్చిందని ఎలా గుర్తుపడతారు?" అని అడగండి. వచ్చిన జవాబులన్నీ బోర్డు మీద వారి మాటల్లోనే రాయండి: ఎగశ్వాస, డొక్కలు ఎగరేయడం, పాలు వదిలేయడం. వీటిలో చాలామట్టుకు నిజమైన ప్రమాద సూచనలే. వారికి తెలిసినది ఎంతో చూసి వారే ఆశ్చర్యపోతారు.

తరువాత నాలుగు మెట్లు (30 నిమిషాలు).
మొదటి మెట్టు: మీరు మాట్లాడకుండా మొత్తం పని చేసి చూపండి. బిడ్డ ఊరుకున్నాక చొక్కా పైకెత్తడం, వెలుతురులో పొట్ట, రొమ్ము కదలిక చూడడం, గడియారం చూసుకుంటూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించడం.
రెండో మెట్టు: అదే పనిని ఒక్కొక్క అడుగు చెబుతూ మళ్లీ చేయండి.
మూడో మెట్టు: నేర్చుకునేవారు అడుగులు చెబుతుంటే మీరు చేయండి. వారు చెప్పనిది చేయకండి. ఎక్కడ మరిచారో అక్కడే బయటపడుతుంది.
నాలుగో మెట్టు: వారే చెబుతూ వారే చేయాలి.

పిమ్మట అభ్యాసం (30 నిమిషాలు). ఇద్దరిద్దరుగా వార్డులోని పిల్లల దగ్గరకు, తల్లుల అనుమతితో పంపండి. ఒకే బిడ్డను ఇద్దరూ విడివిడిగా లెక్కించి అంకెలు పోల్చుకోవాలి. ఒకరికి 48, ఒకరికి 60 వస్తే మందలించనక్కరలేదు. మళ్లీ లెక్కిస్తే తేడా ఎక్కడ వచ్చిందో వారికే తెలుస్తుంది.

చివరగా నిర్ణయం (15 నిమిషాలు). రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఈ సంఖ్యగాని, అంతకు మించిగాని ఉంటే వేగమైన ఊపిరి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని, ఎక్కువ గాని వస్తే మరోసారి లెక్కించి చూడాలి. మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికే. పాలు తాగకపోయినా, డొక్కలు లోపలికి పోతున్నా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా లెక్కతో పని లేదు, వెంటనే పంపాలి. ఇప్పుడు సమస్య ఇవ్వండి: "రాత్రి పది గంటలైంది, రేవు అవతలికి వెళ్లాలి. ఎవరిని లేపుతారు? 108కి ఏమని చెబుతారు? దారిలో బిడ్డను వెచ్చగా ఎలా పట్టుకుంటారు?" ప్రతి ఒక్కరూ తన ఊరికి తగిన జవాబు చెప్పాలి. పడవవాని ఫోను నంబరు పుస్తకంలో రాసుకున్నదాకా పాఠం పూర్తయినట్టు కాదు.

ఓఆర్ఎస్ పాఠం కూడా ఇలాగే. "ఒక లీటరు నీళ్లలో ఒక పాకెట్టు" అని పదిసార్లు చెప్పించడం కన్నా, ఎవరింట్లో వాడే చెంబు, గిన్నె, సీసా వారిని తెమ్మనండి. లీటరు ఎక్కడికి వస్తుందో కొలిచి గుర్తు పెట్టించండి. పాకెట్టులో కొంచెం గ్లాసులో వేసి మిగతాది దాచేవారు ఉంటారు. ఎందుకు అలా చేస్తారో అడిగితే "వృథా అవుతుందని" అంటారు. ఆ కారణం తెలిశాకే, మొత్తం పాకెట్టు ఎందుకు ఒకేసారి కలపాలో, కలిపిన నీళ్లు 24 గంటల్లో ఎందుకు వాడేయాలో చెప్పడానికి దారి దొరుకుతుంది.

తెలిసినవారి తప్పును దిద్దడం

పెద్దలకు కొత్తది నేర్పడం కన్నా పాతది మార్పించడం కష్టం. బిడ్డ పుట్టగానే స్నానం, నోట్లో ఆముదం చుక్క, ముర్రుపాలు పిండి పారబోయడం... ఇవన్నీ అమ్మమ్మల ప్రేమలోంచి వచ్చిన అలవాట్లు. "మూఢనమ్మకం" అని ఒక్క మాట అంటే ఎదుటి మనిషి తన తల్లి పక్షాన నిలబడుతుంది, పాఠం అక్కడితో ఆగిపోతుంది.

అపొల్లో సంగతి గుర్తు చేసుకుందాం. అతడు విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు, ఆసక్తితో బోధించేవాడు. కాని యోహాను బాప్తిస్మము వరకే అతనికి తెలుసు. ప్రిస్కిల్ల, అకుల సమాజమందిరంలో లేచి అతన్ని ఖండించలేదు. అతన్ని చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు. దాని ఫలితంగా అతడు విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు. వారు డేరాలు కుట్టేవారు, అతడు పండితుడు. అయినా గౌరవం ఉన్నచోట నేర్చుకోవడం సాధ్యమైంది.

మనమూ ఇదే క్రమం పాటించవచ్చు. మొదట సరిగా చేసినది పేర్కొనండి: "తల్లినీ బిడ్డనూ గాలి తగలకుండా గదిలో ఉంచడం మంచి పద్ధతి అమ్మా." తరువాత కారణం చెప్పండి: "స్నానం చేయిస్తే ఆ వెచ్చదనమే పోతుంది." ఆపైన చేయవలసినది చూపండి: పొడిబట్టతో తుడిచి, తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టడం. దిద్దుబాటు వీలైనంతవరకు ఒంటరిగా, పక్కకు పిలిచి చేయండి. రోగికి తక్షణ ప్రమాదం ఉంటే మాత్రం అక్కడే ఆపాలి; తరువాత కూర్చుని వివరించాలి.

మరచిపోవడం సహజం

1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తనమీద తానే ప్రయోగాలు చేసి, నేర్చినది మొదటి గంటల్లో, రోజుల్లో ఎంత వేగంగా మరుస్తామో చూపాడు. మధ్యమధ్య విరామమిచ్చి మళ్లీ నేర్చితే ఎక్కువకాలం నిలుస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు ఇంకో సంగతి నిరూపించారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తరువాత ఎక్కువ జ్ఞాపకం ఉంది. కాబట్టి ప్రతి ఉదయం పాఠం మొదట ఐదు నిమిషాలు "నిన్న ఏం నేర్చుకున్నాం?" అని పుస్తకాలు మూయించి అడగండి. మార్కుల కోసం అడిగితే భయపడతారు. ఆటలా అడిగితే ఉత్సాహంగా చెబుతారు.

ఒక హెచ్చరిక. "విన్నది 20 శాతం, చూసినది 30 శాతం, చేసినది 90 శాతం గుర్తుంటుంది" అనే పట్టిక శిక్షణల్లో తరచుగా చూపిస్తుంటారు. ఎడ్గార్ డేల్ అనే విద్యావేత్త 1946లో గీసిన అనుభవాల శంకువు నుంచి ఇది వచ్చిందంటారు. ఆయన బొమ్మలో అసలు అంకెలే లేవు; తరువాత ఎవరో చేర్చారు. చేసి నేర్చుకోవడం మేలు అన్నది నిజమే. దానికి లేని లెక్కల ఆసరా అక్కరలేదు.

చిన్నవిగా కనిపించే పెద్ద ఆటంకాలు

* చూపు: నలభై దాటినవారికి చత్వారం వస్తుంది. జిరాక్సు కాగితం మీది చిన్న అక్షరాలు కనబడక మౌనంగా కూర్చున్నవారిని "శ్రద్ధ లేదు" అనుకుంటాం. పెద్ద అక్షరాలు వాడండి. కళ్లజోడు అవసరమైనవారిని కంటి విభాగానికి పంపండి.
* వేళ: నాట్లు, కోతల రోజుల్లో శిక్షణ పెట్టకండి. లంకల నుంచి వచ్చేవారి చివరి పడవ, చివరి బస్సు వేళ ముందే కనుక్కోండి. గడియారం వైపు చూస్తున్న మనసుకు ఏదీ ఎక్కదు.
* పసిపిల్లలు: పాలిచ్చే తల్లి శిక్షణకు వస్తే బిడ్డకు చోటు, చూసుకోవడానికి మనిషి ఉండాలి.
* భాష: "రెస్పిరేటరీ రేటు" అనే ముందు "ఊపిరి లెక్క" అనండి. రిపోర్టులో రాయవలసిన ఇంగ్లీషు మాటను తరువాత నేర్పవచ్చు.
* భయం: నర్సులు, ఆశా కార్యకర్తలు ఒకే గదిలో ఉంటే చిన్న ఉద్యోగివారు నోరు విప్పరు. చిన్న గుంపులుగా కూర్చోబెట్టండి.

శిక్షణ ఫలించిందా?

హాజరు పట్టీలో సంతకాలు, భోజనం బిల్లు, శిక్షణకు ముందూ తరువాతా రాయించిన మార్కులు... ఇవి శిక్షణ జరిగిందని మాత్రమే చెబుతాయి. ఫలించిందో లేదో తెలియాలంటే నెల తరువాత ఆమెతోపాటు ఒక బాలింత ఇంటికి వెళ్లాలి. గడియారం చేతిలో ఉందా? బిడ్డను ఊరుకోబెట్టి లెక్కించిందా? తల్లికి అర్థమయ్యేలా చెప్పిందా? తనిఖీ అధికారిలా కాక తోడుగా వెళితే ఆమె అనుమానాలు కూడా అడుగుతుంది. వార్డులోనూ అంతే, కొత్త నర్సు సొంతంగా పని చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూసిన పది నిమిషాలు, క్లాసులో గంట కన్నా ఎక్కువ చెబుతాయి.

కలిసి ఆలోచించడానికి ప్రశ్నలు

1. మీరు బాగా చేయగల ఒక పనిని ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారు? ఈ పాఠంలోని ఏయే సంగతులు అందులో ఉన్నాయి?
2. మీ తరువాతి తరగతిలో ఉపన్యాసంగా చెప్పబోతున్న ఒక అంశాన్ని సమస్యగా మార్చి రాయండి.
3. మీ ప్రాంతంలో మార్చవలసిన ఒక అలవాటు ఎంచుకోండి. దాని వెనుక ఉన్న మంచి ఉద్దేశమేమిటి? ప్రిస్కిల్ల, అకుల అయితే ఎలా మొదలుపెట్టేవారు?
4. గత శిక్షణ పొందినవారిలో ఒకరిని ఈ నెలలో ఊళ్లో కలవండి. ఏం నిలిచింది, ఏం జారిపోయింది? వచ్చే కూడికలో చెప్పండి.

మనం నేర్పే ప్రతి పాఠానికీ చివర మనం చూడని ఒక బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ దగ్గర కూర్చునే మనిషికి ధైర్యంగా, సరిగ్గా పని చేసే చేతులనిచ్చే పరిచర్యలో ప్రభువు మనకు ఓర్పును దయచేయును గాక.